ఉసిళ్ళ ధ్రువీకరణ సంఘం

తుమ్మలకట్ట ప్రాజెక్టులో వాలుగ చేపను పట్టడం ఎంత కష్టమో, తుమ్మలకట్ట ఊళ్ళో తప్పు ఒప్పుకునే మనిషిని పట్టడం అంత కష్టం. రెండింటికీ ఏడాదిలో ఒకటే సాయంత్రం కలిసొస్తుంది.

తొలకరి వాన గట్టిగా కురిసి వెలిసిందంటే కట్ట వెంబడి ఉన్న పుట్టల్లోంచి ఉసిళ్ళు, అంటే రెక్కలొచ్చిన చెదపురుగులు, లేస్తాయి. దీపం కనబడితే దీపం మీద పడతాయి, కనబడకపోతే నీళ్ళ మీద పడతాయి. ఏడాది పొడుగునా రాళ్ళ సందుల్లో పడుకుని, ఎవరు ఏ ఎర వేసినా మీసం కదిపి ఊరుకునే వాలుగ, ఆ ఒక్క సాయంత్రం సిగ్గూ ఎగ్గూ వదిలేసి, మొదటి పంక్తిలో చోటు దొరకదేమోనని ఉరికే పెళ్ళివారిలా ఒడ్డుకు వచ్చేస్తుంది. గాలానికి నాలుగు ఉసిళ్ళు గుచ్చి వేసినవాడు వేసినట్టే లాగుతాడు. కాసేపటికి దాని కడుపు నిండుతుంది, తిరిగి రాళ్ళ సందుకు పోతుంది. ఆ తర్వాత బిర్యానీ వేసినా తలతిప్పి చూడదు.

ఊళ్ళో మాటలు మానుకున్నవాళ్ళు రాజీపడేది కూడా ఆ సాయంత్రమే. తుమ్మలకట్టలో ఎవరూ ఎవరికీ "తప్పయింది" అని చెప్పరు. తన చేత్తో పట్టిన ఉసిళ్ళ వాలుగను కోయకుండా, తడిగుడ్డ కప్పి, అవతలి ఇంటికి పంపుతారు. అవతలివాళ్ళు కడుపు కోసి చూస్తారు. లోపల ఉసిళ్ళుంటే, వీడు మన కోసం బురదలో తడుస్తూ కూర్చున్నాడని లెక్క. పులుసు పెట్టుకుని తింటారు, మర్నాడు "తిన్నవా?" అని పలకరిస్తారు, పగ అక్కడితో సరి. మార్కెట్లో కొన్న చేపను పంపి మోసం చేయాలని చూస్తే మాత్రం ఆ పగ మనవళ్ళ దాకా పోతుంది.

గూడ రాజలింగుకూ వాళ్ళన్న శంకరలింగుకూ మాటలు లేక ఆరేళ్ళయింది. కారణం చెప్పుకుంటే నవ్వుతారు. అన్న ఇంట్లో భోంచేస్తూ, "వదినా, పులుసుల చింతపండు తక్కువైంది" అన్నాడు తమ్ముడు. "గట్లయితే నీ ఇంట్లనే తినరాదు" అన్నాడు అన్న. ఇంతే. రాజలింగుకు ఈత నేర్పిందీ, గాలం కట్టడం నేర్పిందీ, ముక్కు మూసుకోకుండా నీళ్ళలో మునగడం నేర్పిందీ ఆ అన్నే. అయినా ఏటా ఉసిళ్ళు లేచినప్పుడల్లా, ముందు ఆయనే పంపాలి అనుకుని తమ్ముడూ, ముందు వాడే పంపాలి అనుకుని అన్నా, తమ తమ వాలుగలను తామే తిని పడుకున్నారు.

ఈ ఏడు సంగతి వేరు. శంకరలింగుకు గుండెలో ఏదో మూసుకుపోయిందట. హైదరాబాదు దవాఖానలో కోసి బాగుచేస్తామన్నారు. రోజు కూడా ఖాయమైంది.

"ఈ ఏడు గూడ పంపకపోతివా, వచ్చే ఏడు ఎవలికి పంపుతవో నాకైతే తెల్వదు" అంది రాజలింగు భార్య కనకవ్వ.

రాజలింగు మర్నాడే టౌనుకు పోయాడు. కొత్త గాలాలు కొనుక్కొచ్చి చూరులో దోపాడు. ఎండలు ముదురుతున్నకొద్దీ రోజుకు పదిసార్లు మబ్బు కోసం చూశాడు.

సరిగ్గా అప్పుడే మత్స్యశాఖ సంయుక్త సంచాలకులు చక్రధరరావు గారు విదేశీ అధ్యయన యాత్ర ముగించుకుని వచ్చారు. ఆయన వెళ్ళిన చలిదేశంలో సరస్సు ఒడ్డున ఏవో పురుగులు లేచే కాలమొస్తే జనమంతా గాలాలు పట్టుకుని పండుగ చేసుకుంటారట. అది చూసినప్పటి నుంచీ ఆయనకు నిద్ర లేదు. తుమ్మలకట్ట గెస్ట్‌హౌసులో సమావేశం పెట్టి, మత్స్యకారుల తరఫున ఒకరుండాలి కాబట్టి రాజలింగును పిలిపించారు.

"మన దగ్గర ఉసిళ్ళు లేస్తున్నాయి. లేవడం లేదని నేననను. కానీ ఎలా లేస్తున్నాయి?" అని బల్ల గుద్దారు చక్రధరరావు గారు. "ఒక ప్రణాళిక లేదు. ముందస్తు సమాచారం లేదు. కనీసం ఒక బ్యానరు లేదు. ఈ అరాచకానికి నేటితో తెర దించుతున్నాం. ఇకపై కీటకావిర్భావం శాఖాపరమైన పర్యవేక్షణలో జరుగుతుంది."

ఆ పక్కనే ఉన్న గుమాస్తా లేచి ఉత్తర్వు చదివాడు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, కీటకావిర్భావము అధికారికముగా ధ్రువీకరించబడు వరకు సదరు జలాశయమందు వలతో గానీ, గాలముతో గానీ, బుట్టతో గానీ, వట్టి అరచేతులతో గానీ చేపలు పట్టుట నిషేధము."

ధ్రువీకరించడానికి సంఘం కావాలి. సంఘానికి శాఖలు కావాలి. ఉసిళ్ళు పుట్టలో ఉన్నంతసేపు భూమిలో ఉన్నట్టు కనుక రెవెన్యూ శాఖ. ఆ పుట్టకు నాగుల చవితినాడు పాలు పోస్తారు కనుక దేవాదాయ శాఖ. రెక్కలతో పైకి లేచాక అటవీ శాఖ. రెక్కలు రాలితే చెత్త కనుక పంచాయతీ. మిగిలిన ఒళ్ళు నీళ్ళలో పడితే అది చేపల దాణా కనుక మత్స్యశాఖ.

"గాల్లో ఉండగానే చచ్చిపోతే?" అని అడిగారు అటవీ రేంజి అధికారి.

అంత లోతైన ప్రశ్న ఆ గెస్ట్‌హౌసులో ఇంతకుముందెవరూ వేయలేదు. దాని మీద ఉపసంఘం వేసి, టీలు తాగారు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. వాన పడలేదు, పురుగు లేవలేదు, కమిటీకి మాత్రం లెటర్‌ప్యాడు వచ్చేసింది. అందులో చివరి పేరు 'శ్రీ గూడ రాజలింగం గారు, సభ్యులు'. మెడలో వేసుకోవడానికి ఫోటోతో బిళ్ళ కూడా ఇచ్చారు. రాజలింగు పుట్టి బుద్ధెరిగాక అతని పేరు చివర 'గారు' చేరడం అదే మొదలు. నిజం చెప్పాలంటే ఉత్తర్వులో ఉన్న నిషేధం అతని చెవికెక్కలేదు, ఆ గారొక్కటే ఎక్కింది. ఇంటికొచ్చి బిళ్ళ తీయకుండానే అన్నం తిన్నాడు.

"గాలం వెయ్యద్దన్నరట గద. మరి బావకు చాప ఎట్ల పంపుతవ్?" అంది కనకవ్వ.

"పిచ్చిదానా, ఉసిళ్ళు లేసినయని చెప్పెటోళ్ళల్ల నేను ఒకణ్ణి. నేను చెప్పకపోతే అవి లేసినట్టే గాదు" అన్నాడు రాజలింగు.

కనకవ్వ అతన్నీ, బిళ్ళనూ, మళ్ళీ అతన్నీ చూసి గిన్నెలు తోముకోవడానికి పోయింది.

రెండో సమావేశం పెట్టిన మధ్యాహ్నమే తొలకరి దంచికొట్టింది. వాన వెలిసేసరికి సాయంత్రమైంది. గెస్ట్‌హౌసులో చర్చ నడుస్తోంది. ఆవిర్భావం అంటే ఏమిటన్నది అంశం. ఒక్క ఉసిలి లేస్తే దాన్ని 'సంచారం' అనాలనీ, పది లేస్తే 'గుమికూడటం' అనాలనీ, ఆపైన లెక్కకు అందకుండా లేస్తేనే 'ఆవిర్భావం' అనాలనీ తహసీల్దారు గారు ప్రతిపాదించారు. లెక్కకు అందనప్పుడు ఆపైన అని ఎలా తేలుతుందని రేంజి అధికారి పట్టుబట్టారు. దేవాదాయ అధికారి ఏదో కల్యాణంలో ఉండి రాలేకపోయారు. తహసీల్దారూ రేంజి అధికారీ వాదించుకుంటుండగా కిటికీలోంచి మొదటి ఉసిలి వచ్చి ట్యూబులైటుకు కొట్టుకుంది.

దాని వెనక ఉసిళ్ళ ఊరు ఊరంతా వచ్చింది. ట్యూబులైటు కనబడకుండా కమ్ముకున్నాయి. టీ కప్పుల్లో పడ్డాయి. ఫైళ్ళ మధ్య రెక్కలు విడిచాయి. చక్రధరరావు గారి బట్టతల మీద ఒక జంట ఊరేగింది.

"అటెండర్! కిటికీలు మూసేయండి!" అని తహసీల్దారు గారు చెంగుతో మొహం కప్పుకున్నారు. "పురుగుల గురించి ఇంత సీరియస్‌గా మాట్లాడుకుంటుంటే మధ్యలో ఈ పురుగులేమిటి?"

రాజలింగు లేచి నిలబడ్డాడు. "సార్, గివే సార్! ఉసిళ్ళు! లేసినయ్ సార్!"

చక్రధరరావు గారు కళ్ళజోడు సవరించుకుని ఒక పురుగును రెక్క పట్టుకుని పైకెత్తి చూశారు. "రాజలింగం గారూ, ఇవి ఉసిళ్ళే కావచ్చు. కాదని నేను అనడం లేదు. కానీ ఇవి ఇంకా నిర్వచించబడలేదు."

బయట నీళ్ళలో ధబ్బుమని చప్పుడైంది. రాజలింగుకు ఆ చప్పుడు తెలుసు. పెద్ద వాలుగ నోరు తెరిచి తిరగబడితే తప్ప అంత చప్పుడు రాదు. దాని వెంటే ఇంకొకటి, ఇంకొకటి. అతని చేతులు వాటంతటవే గాలం తాడు చుట్టినట్టు కదిలాయి.

"సార్, జర బయటికి పోయొస్త సార్. మీ కాళ్ళు మొక్కుత. మా అన్నకు పంపాలె."

"మీరు లేస్తే కోరం పోతుంది" అన్నారు చక్రధరరావు గారు మెత్తగా. "కోరం పోతే ఈ సమావేశం జరగనట్టే. జరగకపోతే నిర్వచనం లేదు. నిర్వచనం లేకపోతే ఆవిర్భావం లేదు. మీరు పట్టబోయే చేప ఎలా చట్టబద్ధమవుతుంది? బాధ్యత గల సభ్యులు మీరు. కూర్చోండి గారూ."

రాజలింగు కాళ్ళను ఎవరూ కట్టేయలేదు. తలుపుకు గొళ్ళెం కూడా లేదు. లేచి పోతే ఏమయ్యేది? బిళ్ళ పోయేది. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసీ కూర్చున్నాడు. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా అతనికి కమిటీ మీద కన్నా ఆ కూర్చున్న తన నడుం మీదే ఎక్కువ కోపం వచ్చేది.

పురుగులు పోవడం లేదని లైటు ఆర్పించి, సెల్‌ఫోను వెలుగులో చర్చ సాగించారు. చీకటైన గదిలోంచి ఉసిళ్ళన్నీ హాయిగా నీళ్ళ మీదికి పోయాయి. వాలుగలు విందు చేసుకున్నాయి. నిర్వచనం తేలేసరికి బయట నీళ్ళు అద్దంలా కదలకుండా ఉన్నాయి, మెట్ల నిండా రెక్కలు రాలి ఉన్నాయి. రాజలింగు ఆ రెక్కల మీద కూర్చుని కాసేపు లేవలేదు.

సమావేశం మినిట్స్‌లో రాసింది ఇదీ: 'చర్చా సమయమున కొన్ని పురుగుల వలన అంతరాయము కలిగినది. సభ్యులు ఓపికతో సహకరించిరి. ఆవిర్భావము ఏదియు సంఘము దృష్టికి రాలేదు.'

ఆవిర్భావం జరగలేదు కనుక నిషేధం తొలగదు. నిషేధం తొలగదు కనుక ఊళ్ళో ఎవరూ వల వేయడానికి లేదు. చేపలవాడ మొత్తం గట్టున కూర్చుని బీడీలు కాల్చింది. రాజలింగు కనిపిస్తే చాలు, "సభ్యులు గారు వస్తున్నరు, జరగుండ్రి" అని దారి ఇచ్చారు. ఆ గారు ఇప్పుడు అతని వీపు మీద వాతలా తగిలేది.

అధికారిక ఆవిర్భావానికి వచ్చే ఆదివారం సాయంత్రం ముహూర్తం పెట్టారు. సోమవారం పొద్దున శంకరలింగు హైదరాబాదు బస్సెక్కాలి. ఆ రోజు ఉసిళ్ళు మళ్ళీ లేస్తే కమిటీ సభ్యులకు గాలం వేసే వీలిస్తామని చక్రధరరావు గారు మాటిచ్చారు. ఒక్కోసారి రెండో వానకూ కొన్ని లేస్తాయి. రాజలింగు ఆ కొన్నింటి మీద ఆశ పెట్టుకుని ఆదివారం దాకా మబ్బులకు దండం పెట్టాడు.

ఆదివారం మబ్బు తునక లేదు. అయినా షామియానాలు లేచాయి, ఫ్లడ్‌లైట్లు వెలిగాయి, 'కీటకావిర్భావ మత్స్యోత్సవం' అని బ్యానరు కట్టారు. ముఖ్య అతిథి వచ్చి, ఎర్ర తివాచీ పరిచిన పడవరేవు మీద గాలం పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. హాజరు కాకపోతే లైసెన్సులు పోతాయన్నారు కాబట్టి చేపలవాడ అంతా కట్ట మీదికి వచ్చింది. అందరికన్నా చివరన, భుజాన తువ్వాలుతో, శంకరలింగు చెట్టు మొదలుకు ఆనుకుని నిలబడ్డాడు. తమ్ముడి వైపు చూడలేదు.

వాన లేని లోటు తీర్చడానికి ఫైరింజను వచ్చి పుట్ట మీద నీళ్ళు చిమ్మబోయింది. దేవాదాయ అధికారి చేతులడ్డం పెట్టారు. "పుట్ట మీద నీళ్ళు పోయాలంటే ముందు పాలు పోయాలి. పాలు పోయాలంటే టికెట్ తీసుకోవాలి." టికెట్ తీసుకున్నారు, పాలు పోశారు, నీళ్ళు చిమ్మారు. పుట్ట సగం కరిగింది గానీ ఒక్క ఉసిలి బయటికి రాలేదు. చక్రధరరావు గారు బురదలో మోకరిల్లి పుట్ట కంత దగ్గర నోరు పెట్టి, "సహకరించాలి, ముఖ్య అతిథి గారు వేచి ఉన్నారు" అని విన్నవించారు. ఆ మాటకు పుట్ట చలించలేదు.

"ప్రత్యామ్నాయ కీటకాలు!" అని కేకేశారాయన. ఫైరింజను నిచ్చెన మీంచి ఇద్దరు సిబ్బంది మూటలు విప్పి నీళ్ళ మీద మురమురాలు చల్లారు. పరక చేపలు నాలుగు వచ్చి వాసన చూసి పోయాయి. ముఖ్య అతిథి ఆవలించారు.

చక్రధరరావు గారు రాజలింగును షామియానా వెనక్కు లాక్కుపోయారు. అక్కడ ఐసు డబ్బాలో టౌను మార్కెట్ వాలుగ ఒకటి నోరు తెరిచి పడుకుని ఉంది. "నీళ్ళలో మునిగి దీన్ని ఆయన గాలానికి తగిలించండి. ఆయన లాగుతారు, ఫోటో తీస్తారు, ఆవిర్భావం ధ్రువీకరించబడుతుంది, నిషేధం పోతుంది. లేదంటారా, వచ్చే తొలకరి దాకా ఈ ఊళ్ళో చేప లేదు. ఆలోచించుకోండి."

ఆలోచించడానికేముంది? అన్నకు పంపాల్సిన చేప ఎలాగూ పోయింది. ఊరి కడుపు కూడా ఎందుకు కొట్టడం? రాజలింగు చొక్కా విప్పలేదు, బిళ్ళ తీయలేదు. చచ్చిన వాలుగను చంకన పెట్టుకుని రేవు పక్క నుంచి చప్పుడు కాకుండా మునిగాడు.

పైనుంచి కెమెరాలు సిద్ధమయ్యాయి. ముఖ్య అతిథి గాలం దారం ఒకసారి కదిలింది. "పడింది, పడింది!" అని అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన ఉత్సాహం కొద్దీ బలంగా లాగారు. గాలం చేప నోట్లోంచి జారి రాజలింగు మెడలోని బిళ్ళ తాడుకు పట్టుకుంది. లాగినకొద్దీ తాడు మెడకు బిగుసుకుంది. గట్టి తాడు, ప్రభుత్వం వారు ఇచ్చినవాటిలో అదొక్కటే గట్టిది. అతను కాళ్ళు తన్నుకుంటుంటే పైన దారం గిరగిర తిరిగింది. "పెద్ద చేప! వదలకండి సార్!" అని చక్రధరరావు గారు గంతులేశారు.

చెట్టు దగ్గర శంకరలింగు తువ్వాలు కింద పడింది. తమ్ముడు ఎంతసేపు ఊపిరి పట్టగలడో నేర్పినవాడికి తెలుసు.

"అది చాప గాదు! మావోడు! నా తమ్ముడు!" అని అరుస్తూ కట్ట దిగి ఉరికాడు. డాక్టర్లు మెట్లు కూడా ఎక్కవద్దన్న మనిషి షామియానా తాళ్ళు తెంపుకుంటూ పోయి, తివాచీ మీంచి దూకి, మునిగి, తమ్ముణ్ణి జుట్టు పట్టుకుని పైకి లాగాడు. పళ్ళతో బిళ్ళ తాడు కొరికి తెంపాడు. ఒడ్డున పడేసి, వాడు నీళ్ళు కక్కేదాకా వీపు మీద గుద్ది, కక్కాక చెంప మీద ఒక్కటిచ్చాడు.

"గాడ్ది కొడకా! సచ్చిన చాపను మోసుకొని మునుగుతవారా? గిందుకేనారా నీకు మునక నేర్పింది?"

ఇద్దరిదీ ఒకే తండ్రి అన్న సంగతి ఆ కోపంలో ఆయనకు గుర్తు లేదు. ఆరేళ్ళ తర్వాత అన్న నోట మాట విని రాజలింగు చెంప పట్టుకుని అలాగే చూస్తుండిపోయాడు. దగ్గు, ఏడుపు, నవ్వు మూడూ ఒకేసారి వచ్చి ఏది ఆపాలో అతనికి తెలియలేదు. శంకరలింగు గుండె పట్టుకుని పక్కన కూలబడ్డాడు. ఆ సాయంత్రమే ఇద్దర్నీ ఒకే అంబులెన్సులో హైదరాబాదు పంపారు.

మత్స్యశాఖకు అసలు చిక్కు అప్పుడొచ్చింది. ముఖ్య అతిథి గారు వాలుగను పట్టారని పత్రికా ప్రకటన అప్పటికే వెళ్ళిపోయింది. మార్కెట్ వాలుగ నీళ్ళలో మునిగి మాయమైంది. ఫైలులో చేప ఉంది, చేతిలో చేప లేదు. చక్రధరరావు గారు బాగా ఆలోచించి, గాలానికి తగిలిన జీవిని ఎవరు తీసుకుపోయారో వారికే నోటీసు పంపారు.

అది దవాఖాన మంచానికి చేరింది. మర్నాడు పొద్దున ఆపరేషన్. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని రాజలింగు దాన్ని అన్నకు చదివి వినిపించాడు. "'ముఖ్య అతిథి గారి గాలమునకు చిక్కియున్న సుమారు యాభై ఎనిమిది కిలోల జీవిని మీరు అనుమతి లేకుండా జలాశయములోనికి దిగి అపహరించినట్లు శాఖ దృష్టికి వచ్చినది. సదరు జీవిని వారము లోగా శాఖకు అప్పగించవలెను. లేనిచో ఏల చర్య తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను.'"

"అంటే నిన్ను వాపసు అడుగుతున్నరా?"

"గట్లనే ఉన్నదన్నా."

శంకరలింగు దిండు మీంచి తల ఎత్తాడు. "కాయితం తీయ్. నేను చెప్త, నువ్వు రాయి. 'అయ్యా, పట్టింది నేను. పట్టుకున్నది మా తమ్ముణ్ణి. వాణ్ణి ఇచ్చేది లేదు. ఏం చేసుకుంటరో చేసుకోండ్రి.'"

రాజలింగు కలం తెరిచాడు. కాగితం మీద రెండు చుక్కలు పడ్డాయి, కళ్ళు మసకబారి గీత కనబడలేదు.

"ఏడుస్తవేందిరా? నేను సస్తే ఏడుద్దువు గని" అన్నాడు అన్న. "ముందుగాల అది రాయి."

రాజలింగు రాశాడు.